డైనమో లైటు

తాళంచెవి పెట్టి పది నిమిషాలైంది, తిప్పడానికి చెయ్యి రావడం లేదు. ఇరవై రెండేళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను, తెనాలిలో మోటారు బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ అబ్రహాం మేస్త్రీ అంటే తెలుసు, ఇంజను చప్పుడు విని రోగం చెబుతానని పేరు, అలాంటివాడిని ఈ రేపల్లెలో, మస్తాన్‌రావు రేకుల షెడ్డులో, నా చేతుల్తో నేనే పదిసార్లు విప్పి బిగించిన కారులో కూచుని తాళం తిప్పాలంటే జంకుతున్నాను. తిప్పితే డ్యాష్ బోర్డు మీద రెండు లైట్లు వెలగాలి. ఆకుపచ్చది ఆయిలుది, ఎర్రది డైనమోది. ఇంజను స్టార్టు కాకముందు రెండూ వెలగాలి, స్టార్టయ్యాక రెండూ ఆరిపోవాలి, ఆ తర్వాత దారిలో ఏది వెలిగినా బండి ఆపి చూసుకోవాలి. ఇంతే దీని సంగతి, చిన్నపిల్లకి చెప్పినా అర్థమవుతుంది, చెప్పాను కూడా. ఆకుపచ్చదానితో నాకు పని లేదు. ఎర్రది వెలిగితే ఇవాళ రాత్రి కాస్త నిద్రపోతాను. వెలగకపోతే మస్తాన్‌రావు మూడు నెలలుగా ఊరంతా చెబుతున్నదే నిజం, అతని కూతురు పున్నమ్మను చంపింది నేనే.

కార్తీకంలో ఇటుకల మీదికెక్కింది ఈ బండి, మాఘం వచ్చేదాకా ఎవరూ తాకలేదు. లారీకి తాడు కట్టి లాక్కొచ్చి, చక్రాలు నేలకి ఆనకుండా ఇటుకలు పేర్చి, చేపల తట్టల మీద కప్పే పాత టార్పాలిన్ దీనిమీద కప్పేశారు. కూతురు పోయిన దుఃఖంలో ఇటుకలు పేర్చాలన్న ధ్యాస ఆ మనిషికి ఎలా వచ్చిందా అని మొన్న చూసి ఆశ్చర్యపోయాను, తర్వాత గుర్తొచ్చింది, అది నేను చెప్పిందే, బావా, నెలల తరబడి నిలబెడితే టైర్లు ఒక్కచోటే అణిగి పాడైపోతాయి, ఎత్తి పెట్టుకో అని. నా మీద ఎంత కోపమున్నా నా మాట మాత్రం దాటలేదు. టార్పాలిన్ లాగేసరికి ఎండుచేపల వాసన, ఎలుకల వాసన. ఎలుకలు ఇంజను మీద ఊకా గుడ్డపీలికలూ తెచ్చి గూడు కట్టుకుని పిల్లల్ని కూడా పెట్టుకున్నాయి, కళ్లు తెరవని పిల్లలు ఐదు. తీసి అవతల పడెయ్యడానికి చేతులు రాక అట్టపెట్టెలో పెట్టి గోడవార ఉంచాను, నా భార్య సారా ఇక్కడ ఉంటే నవ్వేది, మేస్త్రీ ఎలుకలకి పురుడు పోశాడని. అలా నవ్వి ఎన్నాళ్లయిందో నా సారా.

మూడు రోజులుగా తెనాలి నుంచి పొద్దున రైలుకి వస్తున్నాను, సాయంత్రం రైలుకి పోతున్నాను. మస్తాన్‌రావు పిలవలేదు, వాళ్ల అన్న బ్రహ్మయ్యగారు అడిగితే వచ్చాను. ఆయనే గ్యారేజీకి వచ్చి బెంచీ మీద కూచుని, చేతికర్ర పక్కన ఆనించి, "అబ్రహామూ, ఆ బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ మావాడు మనిషి కాడయ్యా. బాపట్లాయన ఎవరో తీసుకుంటానంటున్నాడు. నడిచే స్థితిలో ఉంటే చాలన్నాడు. ఆ ఇంజను నీకు తప్ప ఇంకోడికి లొంగదు. నువ్వొచ్చే రోజుల్లో వాడు ఇంట్లో ఉండడు, పూచీ నాది" అన్నాడు. ఉండడం లేదు కూడా. ఇవాళ బాపట్ల వెళ్లాడు, మధ్యాహ్నం బస్సుకి ఆ మనిషిని వెంటబెట్టుకుని వస్తాడు, ఆలోపల నేను బండి నడిపించి చూపించి వెళ్లిపోవాలి. ఇంట్లో వీరరాఘవమ్మ ఒక్కతే ఉంది. మస్తాన్‌రావు భార్య, చుట్టరికం లేకపోయినా నన్ను పద్దెనిమిదేళ్లుగా నోరారా అన్నయ్యా అన్న మనిషి, ఈ మూడు రోజులుగా వంటింటి తలుపు అవతలే ఉంటోంది, గాజుల చప్పుడు వినిపిస్తుంది, దగ్గు వినిపిస్తుంది, మనిషి కనిపించదు. నీళ్ల చెంబు మాత్రం నేను వచ్చేసరికి షెడ్డు గుమ్మంలో పెట్టి ఉంటుంది.

బ్యాటరీ కొనల మీద తెల్లగా ఉప్పు పొంగి ఉంది, లోపల నీళ్లన్నీ ఇంకిపోయాయి. వేణ్ణీళ్లతో కడిగి, భుజాన పెట్టుకుని రైల్లో తెనాలి తీసుకుపోయి, రాత్రంతా చార్జి పెట్టి మళ్లీ మోసుకొచ్చాను. హెడ్డు విప్పితే గ్యాస్‌కెట్ మాడి బొగ్గైంది, మార్చాను. పెట్రోలు చెడిపోయి వార్నిష్ కంపు కొడుతుంటే వంచి పారబోసి ట్యాంకు కడిగాను, కార్బురేటర్ కడిగాను, ప్లగ్గులు గీకాను, రేడియేటర్ నింపాను. ఇవన్నీ చేతులకి వచ్చిన పనులు, చేస్తున్నంతసేపూ మనసు ఎటూ పోలేదు. తెగిన ఫ్యాన్ బెల్టు దగ్గరకి వచ్చేసరికి ఆగిపోయాను. అది తెగి ఫ్యాను రెక్కకి చుట్టుకుని అలాగే ఉండిపోయింది, చచ్చిన పాములా. కొత్త బెల్టు కోసం వెతకాల్సిన పని లేదు, ఎక్కడుందో నాకు తెలుసు. డిక్కీలో స్టెప్నీ కింద, పాత దినపత్రికలో చుట్టి, పురికొసతో కట్టి, నేనే పెట్టాను, బావా, దూరం పోయేటప్పుడు ఇది బండిలో ఉండాలి, తెగితే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు అని. కట్టు కూడా విప్పలేదు. పది నిమిషాలు. ఆ కట్టు విప్పుతుంటే నాకు ఏడుపు ఆగలేదు, వంటింటి తలుపు దాకా వినపడకుండా టార్పాలిన్ నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఎందుకంటే ఆ రోజు బెల్టు తెగింది భట్టిప్రోలు దగ్గర. తర్వాత లెక్కేసుకుంటే అక్కడే తెగి ఉండాలి, ఏదో టప్పుమందని మస్తాన్‌రావే చెప్పాడట, రాయి తగిలిందనుకున్నానని. బెల్టు తెగితే డైనమో ఆగుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, అది చూసి డ్రైవరు బండి ఆపుతాడు. ఆపకపోతే ఫ్యాను తిరగదు, నీళ్లు మరుగుతాయి, ఇంజను కాలిపోతుంది. మస్తాన్‌రావు ఆపలేదు. వానలో, మిట్టమధ్యాహ్నమే మసకపడ్డ ఆకాశం కింద, వెనక సీట్లో తల్లి ఒడిలో ఎనిమిదో నెల కడుపుతో రక్తం కారిపోతున్న కూతుర్ని పెట్టుకుని, తెనాలి పెద్ద డాక్టరమ్మ దగ్గరికి ఎంత తొందరగా చేరదామా అని తొక్కుకుంటూ పోయాడు. తొమ్మిదో నెలలో పురిటికి తీసుకొద్దామనుకున్నారు, ఎనిమిదో నెలలో కదిలించకూడదని అడవులదీవిలో అత్తగారింట్లోనే ఉంచారు, పొద్దున కబురొచ్చింది, పరుగెత్తి తీసుకొచ్చాడు, రేపల్లె డాక్టరు నా వల్ల కాదు తెనాలి పట్టుకుపొమ్మన్నాడు, రైలుకి ఇంకా రెండు గంటలుంది. వేమూరు దాటాక కాలవ గట్టు మీద ఇంజను బిగుసుకుపోయి ఆగింది. ఇంకో ఆరు మైళ్లు. గంటకి పైగా ఒక్క బండి రాలేదట ఆ దారిన. చివరికి ధాన్యం బస్తాలు దించి వస్తున్న ఎడ్లబండి దొరికింది.

నేను వార్త విని గ్యారేజీ నుంచి పరుగెత్తేసరికి ఆస్పత్రి వసారా ముందు ఆ ఎడ్లబండి ఇంకా నిలబడే ఉంది. గడ్డి తడిసి ఎర్రగా ఉంది. గడ్డిలో ఒక చెప్పు ఉంది, రెండోది లేదు. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను, రెండోది ఎక్కడ పడిపోయిందో వెనక్కిపోయి వెతకాలని, అది దొరికితే పిల్ల లేచి వేసుకుంటుందని, ఏదో పిచ్చి ఆలోచన. మస్తాన్‌రావు వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. "లైటు వెలగలేదురా! నువ్వు పెట్టిన లైటు వెలగలేదురా! నా పిల్లని చంపేశావురా!" పద్దెనిమిదేళ్లలో ఆ నోటి నుంచి బావా అన్న మాట తప్ప నేను వినలేదు. దసరాకి ముందు ఆ డైనమో విప్పి, తీగలన్నీ మార్చి, ఆ లైటుకి కొత్త బల్బు వేసింది నేనే. వెలిగించి చూసుకునే ఇచ్చాను, అంతవరకు నాకు జ్ఞాపకముంది. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ జ్ఞాపకాన్ని నేనే నమ్మలేకపోయాను. నిజంగా చూశానా, చూశానని అనుకుంటున్నానా? హోల్డరు బిగించానా, వదులుగా వదిలేశానా? తీగ కొన సరిగ్గా మెలేశానా? అర్ధరాత్రి లేచి కూచుని గాల్లో వేళ్లు తిప్పుకుంటూ ఆ తీగ మెలేసి చూసుకునేవాడిని, సారా లేచి నా చేతులు పట్టుకుని పడుకోబెట్టేది.

సారాకి పిల్లలు లేరు. మాకు పిల్లలు లేరు అనాలి గానీ నాకెప్పుడూ అలా అనిపించలేదు, ఎందుకంటే పున్నమ్మ ఉంది. హైస్కూలు చదువుకి రెండేళ్లు తెనాలిలో మా ఇంట్లోనే ఉంది, సారా పాఠాలు చెప్పే బళ్లోనే. సారా రోజూ దానికి రెండు జడలేసి, ఆదివారం దానికిష్టమైతే గుడికి వెంటబెట్టుకుపోయేది, అది పాటలన్నీ నేర్చేసుకుని రేపల్లె వచ్చి వాళ్లమ్మ పూజ చేసుకుంటుంటే పక్కన కూచుని ఏసయ్య పాటలు పాడేది, వీరరాఘవమ్మ హారతి పళ్లెం పట్టుకునే పగలబడి నవ్వేది. బడి అయ్యాక పుస్తకాలు పడేసి గ్యారేజీకి వచ్చేసేది. ఏ బండి ఉంటే ఆ బండిలో డ్రైవరు సీట్లో ఎక్కేసి, కాళ్లందకపోయినా, "మావయ్యా, ఇదేంటి, ఇదెందుకు?" అనేది. తాళం తిప్పి చూపించేవాడిని. చూడమ్మా, ముందు వెలగాలి, తర్వాత ఆరాలి. "వెలక్కపోతే?" వెలగకపోతే బల్బు చచ్చిపోయినట్టు. "ఆరకపోతే?" ఆరకపోతే బండికి జబ్బు. ఒకసారి చాలాసేపు ఆలోచించి, "అయితే మావయ్యా, వెలగటం ఆరటం రెండూ మంచియ్యేనన్నమాట" అంది. ఇరవై రెండేళ్లలో నా దగ్గర పనిచేసిన ఏ డ్రైవరూ అంత శుభ్రంగా అర్థం చేసుకోలేదు. ఏ డ్రైవరూ తాళం తిప్పినప్పుడు లైటు వంక చూడడు, మస్తాన్‌రావైనా అంతే, ఇంజను చప్పుడైతే చాలు వాళ్లకి.

బయట వీధిలో ఎలక్షన్ జీపు పోతోంది, మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నాడు, రేకులు అదురుతున్నాయి. ఆ గోల సందున, గోల ఆగిపోతే మళ్లీ ధైర్యం ఉండదని, తాళం తిప్పేశాను.

ఆకుపచ్చది వెలిగింది. ఎర్రది వెలగలేదు.

తిప్పాను, మళ్లీ తిప్పాను. ఆకుపచ్చది వెలుగుతోంది. ఎర్రది ఉండాల్సిన చోట ఏమీ లేదు. ప్రభువా, అన్నాను. నేనే. అయితే నేనే. మూడు నెలలుగా ఒక మూల ఇంకా కాదేమో కాదేమో అని కొట్టుకుంటున్న గుండె ఒక్కసారిగా ఊరుకుంది. ఆశ్చర్యమేంటంటే ఏడుపు రాలేదు. సారాకి ఎలా చెప్పాలి అని ఆలోచన వచ్చింది. చెప్పకుండా గ్యారేజీ మూసేసి ఎటైనా వెళ్లిపోతే, కాకుమానులో మా తమ్ముడి దగ్గర పొలం పని చేసుకుంటే, మళ్లీ జన్మలో స్పానరు పట్టకపోతే. జీపు మలుపు తిరిగింది, మైకు దూరమైంది. నా చేతులు మాత్రం వాటి పని అవి మొదలుపెట్టేశాయి. లైటు వెలగలేదంటే కారణం మూడు చోట్ల ఉంటుంది, బల్బులో, తీగలో, డైనమోలో. డైనమో మొన్న విప్పి చూశాను, బాగుంది. తీగ చివరి నుంచి చివరికి చూశాను, బాగుంది. మిగిలింది బల్బు. అదే నేను వేసింది. సీటు మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు బయటకి పెట్టి, తల స్టీరింగు కిందకి దూర్చి, డ్యాష్ బోర్డు వెనక్కి చెయ్యి పోనిచ్చాను. అక్కడ చూపుతో పని లేదు, వేళ్లకి దారి తెలుసు. హోల్డరు దొరికింది. గట్టిగానే బిగించి ఉంది. అయ్యో, గట్టిగానే ఉందే. మెల్లిగా తిప్పి వెనక్కి లాగి, తీగలతో సహా కిందకి తెచ్చుకున్నాను.

వెలుగుతోంది.

నా వేళ్ల మధ్య, ముఖానికి జానెడు దూరంలో, గింజంత బల్బు పసుపుపచ్చగా వెలుగుతోంది. గోళ్ల సందున గ్రీజు కనిపిస్తోంది ఆ వెలుగులో. కళ్లు మూసి తెరిచాను. వెలుగుతోంది. తాళం ఆపాను, ఆరింది. తిప్పాను, వెలిగింది. నేను చంపలేదు. సారా, నేను చంపలేదే. నా బల్బు బాగుంది, నా తీగ బాగుంది, మూడు నెలలూ ఇటుకల మీద, ఎలుకల మధ్య, బ్యాటరీ చచ్చి పడి ఉన్నా బాగానే ఉంది, ఆ రోజు కూడా వెలిగే ఉంటుంది, భట్టిప్రోలు నుంచి వేమూరు దాకా వెలుగుతూనే ఉండి ఉంటుంది పిచ్చిది. అప్పుడొచ్చింది ఏడుపు, ఆ ఇరుకులో, చెవుల్లోకి కారిపోయేలా. నిజం చెప్పాలి, ఏడుపుతో పాటు సంతోషం కూడా వచ్చింది, చెప్పుకుంటే సిగ్గు, పిల్ల మట్టిలో కలిసి మూడు నెలలే అయింది, దాని కారులో పడుకుని సంతోషపడ్డాను. మస్తాన్‌రావు బస్సు దిగ్గానే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాలి, బ్రహ్మయ్యగారిని పిలవాలి, గ్యారేజీకి రావడం మానేసినవాళ్లందరినీ పిలవాలి, రండయ్యా, చూడండయ్యా. మరి ఇది వెలుగుతుంటే ముందు నుంచి ఎందుకు కనపడలేదు?

హోల్డరు మళ్లీ చోట్లో పెట్టి లేచి కూచున్నాను. వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాను. ఎర్ర గాజు ఉండాల్సిన చోట బొట్టు ఉంది. దట్టంగా పసుపు ముద్ద, దాని మీద కుంకుమ. ఎండి, అంచుల్లో పగిలి, గాజుని మూతేసినట్టు మొత్తం కప్పేసింది. కుంకుమ కూడా ఎరుపే కాబట్టి చూసినవాడికి లైటు గాజు ఉన్నట్టే ఉంటుంది. స్టీరింగు మీద ఉంది అలాంటి బొట్టు, హారను మీద ఉంది, తాళం దగ్గర ఉంది, అద్దం మీద ఉంది. మూడు రోజులుగా అన్నీ చూస్తూనే ఉన్నాను, బండిలో బొట్లు ఎవరికి వింత? దసరాకి ప్రతి బండికీ పెడతారు, మళ్లీ దసరా దాకా ఎవరూ తుడవరు. పసుపు ముద్ద మీద ఉంగరపు వేలు ముద్ర ఇంకా స్పష్టంగా ఉంది. సన్నటి వేలు, ఆడమనిషిది.

వీరరాఘవమ్మ. తను. తన చేత్తో. కోపం రాలేదని ఎలా చెప్పను, వచ్చింది, ఒళ్లంతా మండిపోయేంత వచ్చింది. మూడు నెలలు నన్ను హంతకుడిని చేశారు, నా భార్య బడికి పోతే పంతులమ్మలు గుసగుసలాడారు, చివరికి వాళ్ల ఇంటి బొట్టు, వాళ్ల ఇంటి పూజ. దీన్ని తుడవను. ఇలాగే ఉంచుతాను. మస్తాన్‌రావు వచ్చి తన కళ్లతో చూసి, తన గోటితో తనే గీకి చూసుకోవాలి. కూచుని ఆ మాటలే లోపల అనుకుంటున్నాను, బస్సు దిగుతాడు, ఇలా వస్తాడు, నేను ఇలా అంటాను. ఆ దసరా రోజు ఎలా జరిగి ఉంటుందో ఊహించుకుంటున్నాను. ఊహించుకోవడమేమిటి, ఆ రోజు నేను ఇక్కడే ఉన్నాను కదా.

ఇక్కడే ఉన్నాను. అదిగో, ఆ అరుగు మీద, ఆకులో పులిహోర పెట్టిస్తే తింటూ. బండి కొత్తగా బాగుచేసి తెచ్చి ఇచ్చిన మర్నాడే దసరా, ఉండిపో బావా, పూజ చూసి పో అన్నాడు మస్తాన్‌రావు. బండి కడిగి పూలదండ వేశారు. పున్నమ్మ పండక్కి వచ్చింది, ఏడో నెల పొట్టతో, పసుపు గిన్నె పట్టుకుని అమ్మ వెనకాల నడుస్తోంది. వీరరాఘవమ్మ స్టీరింగుకి పెట్టింది, హారనుకి పెట్టింది, ఉత్సాహం వచ్చి కంటికి కనపడ్డ ప్రతిదానికీ పెడుతోంది. అప్పుడు పున్నమ్మ అంది. అంది, ఇప్పుడు నాకు గొంతుతో సహా వినపడుతోంది. "అమ్మా, అది లైటే. దానిమీదెందుకే?" అని, నా వైపు తిరిగి, "మావయ్యా, పర్లేదా?" అంది.

నేను నవ్వాను. చేతిలో పులిహోర ముద్ద ఉంది. లైటు కప్పడిపోతుందని నాకు తెలుసు. తెలిసే నవ్వాను. అంతకు రెండేళ్ల ముందు తెనాలిలో ఒకరి లారీ చక్రానికి కట్టిన నిమ్మకాయల దండ బ్రేకు తీగకి అడ్డొస్తోందని తీసి పక్కన పెడితే ఆ ఓనరు పదిమందిలో అరిచాడు, మీ మతం వాళ్లకేం తెలుసయ్యా, ఎందుకు ముట్టుకున్నావని. అప్పటి నుంచి పూజల విషయంలో నోరు తెరవకూడదని నిశ్చయించుకున్నాను. అందులోనూ ఇది నన్ను ఇంటి మనిషిగా చూసే ఇల్లు, ఆ అరుగు మీద కూచోబెట్టి ఆకు వేసిన ఇల్లు, ఇక్కడ ఆ బొట్టు తీసెయ్యమని నేనెలా అంటాను, ఎంత చెడ్డగా ఉంటుంది. రేపో ఎల్లుండో వాళ్లే తుడుచుకుంటారులే అనుకున్నాను. "దేవుడి బొట్టు, ఏం చేస్తుందే పిచ్చిపిల్లా, పెట్టనీ" అన్నాను. దానికి తెలుసు ఆ లైటు ఏంటో, నేనే నేర్పాను. తెలిసి అడిగింది. నేను పెట్టనీ అన్నాను కాబట్టి సరే అనుకుంది. మావయ్య చెప్పాక ఇంకేముంది.

తర్వాత కిరసనాయిలు గుడ్డ తీసుకుని తుడిచాను. ఎండిపోయి ఒక పట్టాన రాలేదు, గోటితో గీకాను, పసుపు పెళ్లలు పెళ్లలుగా రాలి ఒళ్లో పడింది. ఒకరి ఇంటి ముత్తైదువ పెట్టిన కుంకుమని నేను చెరుపుతున్నానని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇప్పుడు ఆగాల్సింది కాదు ఆ చెయ్యి, ఆ రోజు పులిహోర ముద్ద దగ్గర ఆగాల్సింది. గాజు బయటపడింది. తాళం తిప్పితే ఎర్రగా, కళ్లలో గుచ్చుకునేలా వెలిగింది. చోక్ లాగి స్టార్టరు నొక్కాను. రెండుసార్లు దగ్గి మూడోసారి ఇంజను అందుకుంది, తెల్ల పొగ షెడ్డంతా కమ్మింది, ఆకుపచ్చది ఆరింది, ఎర్రది ఆరింది. ఎప్పటి గొంతే. ఎక్కడా చిన్న తేడా లేదు. బాపట్లాయనకి మంచి బండి దొరుకుతుంది.

ఇంజను ఆపేసరికి వీరరాఘవమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కాఫీ గ్లాసు. మూడు నెలల్లో సగమైపోయింది మనిషి.

"అన్నయ్యా, చప్పుడు వినపడింది" అంది. "నడిచిందా?"

"నడిచిందమ్మా."

గ్లాసు బానెట్ మీద పెట్టింది. వెళ్లిపోలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, నేల చూస్తూ నిలబడింది. "నిన్నొకటి అడగాలన్నయ్యా. ఆయనకి చెప్పలేదు, ఎవ్వరికీ చెప్పలేదు. ఆయన వెలగలేదంటాడు, ఆయన అబద్ధం ఆడడు. నువ్వు వెలిగేట్టే ఇచ్చానంటావు, నువ్వూ ఆడవు. మరి ఎక్కడొచ్చింది తప్పు? దసరా పూజ చేసింది నేను గదా. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాలి, ఆ రోజు ఇంట్లో మూడే ఉన్నాయి. ఆయన కేకలేస్తాడని మూడే పెట్టి ఊరుకున్నా. అందుకేనా అన్నయ్యా? నా చేతుల్తో నేనే చేసుకున్నానా? రాత్రిళ్లు కళ్లు మూస్తే అదే. ఆ నాలుగో చక్రమే."

ఆమె చేతులు చూశాను. సన్నటి వేళ్లు.

"కాదమ్మా" అన్నాను. "నిమ్మకాయ వల్ల కాదు. నీ పూజలో ఏ లోపమూ లేదు. బల్బు మాడిపోయి ఉంది. దసరాకి ముందు కొత్తది వేశానని చెప్పాను గదా, వెయ్యలేదు. పాతదే తుడిచి పెట్టాను, ఆడుతుందిలే అనుకున్నా. ఇప్పుడే మార్చాను. తప్పు నాదేనమ్మా."

"ఒట్టా?"

మా మతంలో ఒట్టు వెయ్యకూడదు. "ఒట్టు" అన్నాను.

అలాగే గోడకి జారి కూలబడిపోయింది. నోట్లో కొంగు కుక్కుకుని, "నేను కాదు, నేను కాదు" అంటూ ఏడ్చింది. మూడు నెలలుగా ఆమెకి ఏడవడానికి కూడా ధైర్యం లేకపోయిందని అప్పుడు అర్థమైంది నాకు. నేను వెళ్లి తల మీద చెయ్యి వెయ్యాలనుకున్నాను, వెయ్యలేదు. చాలాసేపటికి ఏడుపు ఆగింది. కళ్లు తుడుచుకుని, తల ఎత్తి నా వంక చూసింది. ఆ చూపు మెల్లిమెల్లిగా మారడం నేను చూశాను. లేచి నిలబడి, కొంగు భుజం చుట్టూ తిప్పి కప్పుకుంది, పరాయి మగవాళ్ల ముందు కప్పుకున్నట్టు. బానెట్ మీద కాఫీ గ్లాసు తీసి, గుమ్మం బయట మట్టిలో ఒంపేసింది.

"ఆయనొచ్చే వేళైంది" అంది. "మీరు బయల్దేరండి, అబ్రహాం గారూ."

"అలాగేనండి" అన్నాను.